మెట్ల కింద చుట్టాల బాత్రూం

హాలు పక్కన చుట్టాల కోసం కట్టే చిన్న బాత్రూంను ఇప్పుడు పౌడర్ రూం అంటున్నారు. ఇరవై ఏళ్లకు పైగా టైల్స్ పని చేసి, నెల్లూరు నుంచి సముద్రం ఒడ్డు దాకా ఎన్నో ఇళ్లలో ఆ గది కట్టాను. అందులో పౌడర్ వేసుకుంటున్న మనిషిని ఒక్కరిని కూడా చూడలేదు. చాలా ఇళ్లలో అసలు మనిషినే చూడలేదు. తాళం వేసి ఉంటుంది. చుట్టం వచ్చినప్పుడు తాళంచెవి వెతుకుతారు. అది దొరికేలోపు చుట్టం ఊరికి బయలుదేరుతుంది.

ఇప్పుడు నా మోకాళ్లు పోయాయి. నేల మీద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. అందుకని పని మానేశాను. ఈ మధ్య టైల్స్ పనిలోకి ఆడపిల్లలు కూడా వస్తున్నారు. వాళ్లు నన్ను అడిగేవి రెండే: టైలు అతికించడానికి ఏ గమ్ము మంచిది, కోయడానికి ఏ మిషన్ మంచిది. ఆ రెండూ షాపువాడు చెబుతాడు. అబద్ధమైనా నమ్మకంగా చెబుతాడు. షాపువాడికి తెలియని సంగతులు నేను రాస్తున్నాను.

మస్తానయ్య మేస్త్రీ

మాది విడవలూరు అవతల, సముద్రం పక్కన పల్లె. నాన్న వేటకు పోయేవాడు, అమ్మ ఆ చేపల్ని గంపలో పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మేది. నాకు చేపల వాసన కంటే సిమెంటు వాసన నయమనిపించి, మస్తానయ్య మేస్త్రీ దగ్గర ఇసుక మోసే కూలికి చేరాను.

మస్తానయ్య చెయ్యి మంచిది, నోరు చెడ్డది. టైలు అతికించాక వేలి కణుపుతో కొట్టి వినడం ఆయనే నేర్పాడు. గట్టిగా మోగితే కింద సిమెంటు నిండుగా ఉన్నట్టు, బోలుగా మోగితే గాలి ఉన్నట్టు. "టైలు మాట్లాడతాది మే, దాని మాట విను. ఓనరు మాట తర్వాతైనా వినొచ్చు" అనేవాడు. ఈ ఒక్క మాటకు ఆయనకు ఇప్పటికీ దండం పెడతాను.

మిగతా వాటికి పెట్టను. నా చేతికి పని వచ్చిందని తెలిశాక గోడలన్నీ నాతోనే వేయించేవాడు. గుమ్మంలో ఓనరు చెప్పుల చప్పుడు వినపడగానే, "మే పెంచలా, ఆ తాపీ కింద పెట్టి తట్ట ఎత్తుకో" అనేవాడు. ఓనరు వచ్చి గోడ చూసి, "ఏం చెయ్యి మస్తానయ్యా నీది" అని మెచ్చుకునేవాడు. మస్తానయ్య సిగ్గుపడేవాడు కూడా. ఓనరు పోగానే తాపీ మళ్లీ నా చేతికి వచ్చేది. ఆడది టైలు వేసిందంటే గోడ వంకరగా ఉందనిపిస్తుందట చూసేవాళ్లకు. ఆరేళ్లు నేను వేసిన గోడలు ఆయన పేరుతో నిటారుగా నిలబడ్డాయి.

నేను చేసిన పెద్ద తప్పు మనుబోలులో. టైల్స్ పెట్టెల మీద షేడ్ నంబరు ఉంటుంది. ఒకే రంగు, ఒకే కంపెనీ అయినా, వేరే రోజు కాల్చిన సరుకు కొంచెం తేడాగా వస్తుంది. అందుకని ఒక గదికి ఒకే నంబరు పెట్టెలు వాడాలి. నాకు అప్పటికి చదువు రాదు. పెట్టె పెట్టెలాగే కనపడింది. వేసేటప్పుడు సిమెంటు మరకల్లో తేడా తెలియలేదు. కడిగి చూస్తే గోడ నడుము దాకా మీగడ రంగు, పైన పసుపు రంగు. ముఖం ఒక మనిషిది, ఒళ్లు ఇంకో మనిషిది పెట్టినట్టుంది.

మస్తానయ్య నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఓనరు వచ్చే సరికి మాత్రం చేతులు కట్టుకుని నిలబడి, "ఇప్పుడు నెల్లూరులో రెండు రంగులే నడస్తా ఉండాయి సార్" అన్నాడు. ఓనరు వెనక్కి జరిగి చూశాడు, తల పక్కకు వంచి చూశాడు. బాగుందన్నాడు. నెల తిరిగే లోపు పక్కింటివాళ్లు తమకూ అదే కావాలని వచ్చారు. డిజైన్ అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. తప్పు చేసినవాడు తల దించుకోకపోతే దాన్ని డిజైన్ అంటారు.

కానీ ప్రతిసారీ అదృష్టం కలిసిరాదు. మా ముఠాలో కాంతమ్మ అని ఒకామె ఉండేది, నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది, ఏడో తరగతి దాకా చదివింది. అన్నం తినే వేళలో పగిలిన టైలు ముక్క తీసుకుని, దాని మీద పెన్సిలుతో అంకెలు రాసి నాతో దిద్దించేది. తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ పలక తయారు. అంకెలయ్యాక అక్షరాలు. నలభై దాటాక నేర్చిన చదువు, గుండ్రంగా రాదు. టైల్స్ మీద నేర్చాను కదా, నా అక్షరాలన్నీ నలుచదరంగా ఉంటాయి.

నీళ్లు తాగని పని

ఇది ఏ మేస్త్రీ చెప్పడు, ఎందుకంటే మేస్త్రీలు మగవాళ్లు. మేం బాత్రూములు కడతాం. కట్టిన బాత్రూములోకి మమ్మల్ని పోనివ్వరు. కట్టేటప్పుడు అది పని జరిగే చోటు. కట్టాక అది ఓనరుది. మధ్యలో మేం ఎక్కడికి పోవాలో ఎవరూ ఆలోచించరు. మగవాళ్లు గోడ పక్కకు పోయి వస్తారు. ఆడవాళ్లం పొద్దున బస్సెక్కే ముందు పోయి, సాయంత్రం ఇంటికి చేరాక పోతాం. అది కుదరాలంటే రోజంతా నీళ్లు తాగకూడదు. వైశాఖంలో, సిమెంటు దుమ్ములో, పెదవులు తడుపుకుని ఊరుకునేవాళ్లం. ఇది పనిలో భాగం అనుకున్నాం, తట్ట మోయడంలాగే.

కాంతమ్మకు ముందు మంట మొదలైంది, తర్వాత జ్వరం. మూడోసారి జ్వరం వచ్చినప్పుడు నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ చిన్న వయసుది, మొహమాటం లేదు. "నీళ్లు తాగాలి, రెండు గంటలకోసారి పోవాలి. బిగబట్టుకుంటే కిడ్నీలు పోతాయి. అట్లా కుదరని పనైతే మానెయ్యండి" అంది.

ఆసుపత్రి మెట్లు దిగుతూ కాంతమ్మ అంది, "మానేసి ఏం చేసేదక్కా? నాకు వచ్చింది ఈ పనొక్కటే."

ఆమెకు వెనక ఎవరూ లేరు. ఆమె చెయ్యి ఆడితేనే పొయ్యి వెలుగుతుంది. సరిగ్గా ఆ వారమే నేను మస్తానయ్యను వదిలి సొంతంగా ఒక పని ఒప్పుకున్నాను. విడవలూరు దగ్గర, రొయ్యల చెరువుల రమణయ్య గారింట్లో, మెట్ల కింద చుట్టాల బాత్రూం. "నాతో రా. ఈ పని అయ్యేలోపు ఏదో ఒక దారి చూస్తా. చూడలేకపోతే అప్పుడు మానుదువు గాని" అన్నాను. ఏం దారి అని ఆమె అడగలేదు. అడిగినా నా దగ్గర లేదు.

వదిన గారు తాగని కాఫీ

రమణయ్య గారి ఇల్లు చెరువుల మధ్య ఉంది. నాలుగు పక్కలా రొయ్యల గుంతలు, మధ్యలో నున్నటి గట్లు, గట్ల మీద కాపలా మనుషులు. చెట్టు అనేది లేదు. మామూలు పల్లెలో అయితే ఏ తుమ్మ చెట్టు చాటుకో పోవచ్చు. అక్కడ కొంగ కూడా దాక్కోలేదు.

ఇంట్లో రెండు బాత్రూములున్నాయి. ఒకటి పడకగదిలో, ఒకటి పెరట్లో. మొదటి రోజే రమణయ్య గారి భార్య సుశీలమ్మను అడిగాను. "అమ్మా, మేం ఇద్దరం ఆడోళ్లం ఉండాం. పెరట్లో దాంట్లోకి పోయొస్తాం, కడిగి పెడతాం."

"ఏంది పెంచలమ్మా అట్టా అడగతావు. మళ్లా మేం పోవద్దా దాంట్లోకి?" అంది. కోపంగా అనలేదు. బియ్యంలో రాయి గురించి చెప్పినంత మామూలుగా అంది. పెరటి తాళంచెవి ఆ రోజు నుంచి ఆమె కొంగు ముడిలోకి చేరింది.

ఆమెకు ఈ కొత్త గది ఎందుకు కావాలో కూడా ఆమే చెప్పింది. కూతుర్ని నెల్లూరులో ఇచ్చారు. వియ్యపురాలు మొదటిసారి ఇంటికి వచ్చి, కాఫీ ముట్టకుండా, మజ్జిగ ముట్టకుండా, గంట కూడా కూర్చోకుండా వెళ్లిపోయింది. సుశీలమ్మ నెల రోజులు అవమానంతో కుమిలింది. చివరికి కూతురు ఫోన్లో అసలు విషయం చెప్పింది: హాల్లో కూర్చున్న మగవాళ్లందరి ముందు నుంచి, గేదెను దాటుకుని పెరట్లోకి పోవడం ఆమెకు ఇబ్బందట. అందుకని ఏమీ తాగలేదట.

"మా కాఫీ తాగనిది దీనికా అని మనసు కుదుటపడింది" అంది సుశీలమ్మ. వియ్యపురాలు వచ్చే శుక్రవారం మళ్లీ వస్తోంది. ఆ లోపు గది కావాలి.

కాంతమ్మ నా వైపు చూసింది. నేను టేపు వైపు చూశాను.

ఫోన్లో బొమ్మ

కొత్తగా వచ్చే పిల్లలు ఇది బాగా చదవండి. ప్రతి ఓనరు దగ్గరా ఫోన్లో ఒక బొమ్మ ఉంటుంది. అది ఉప్పు గాలి లేని ఊళ్లో, ఉప్పు నీళ్లు లేని ఇంట్లో, మనుషులే లేనప్పుడు తీసిన ఫోటో. సుశీలమ్మ చూపించిన బొమ్మలో నల్ల టైల్స్, బంగారు రంగు కొళాయి, బల్ల మీద గిన్నె బోర్లించకుండా పెట్టినట్టు వాష్‌బేసిన్.

"నలుపు వద్దమ్మా. మీ బోరు నీళ్లు ఉప్పు. పది రోజుల్లో విభూతి పూసినట్టు తెల్లగా అవతాది" అన్నాను.

"నువ్వు కడిగే మందేదో చెప్పు."

"మందుంది. రోజూ కడగాల. కడిగేది మీరేనా?"

ఆమె ఇసుక రంగుకు ఒప్పుకుంది. బంగారు కొళాయి మాత్రం వదల్లేదు. సముద్రం గాలికి ఆ పూత పోయి కింద ఇత్తడి కనపడుతుందని చెప్పాను. "శుక్రవారం దాకా ఉంటాదా?" అంది. ఉంటుందన్నాను. ఒక్కోసారి ఓనరుకు కావలసింది అంతే, దానితో పోట్లాడకండి.

పోట్లాడవలసింది తలుపు గురించి. ప్లానులో తలుపు హాల్లోకి, సోఫాకు ఎదురుగా ఉంది. లోపలికి పోయేది, ఎంతసేపున్నది, బయటికి వచ్చేది, అన్నీ సోఫాలో కూర్చున్నవాళ్లు టీవీలాగా చూడొచ్చు. అలాంటి గదిలో ఎంత మంచి టైల్స్ వేసినా ఆడమనిషి అడుగు పెట్టదు. తలుపును వంటగది వైపు నడవలోకి తిప్పుదామన్నాను. రమణయ్య గారు సిద్ధాంతికి ఫోన్ చేశారు. అటు తలుపు పనికిరాదని సిద్ధాంతి అన్నాడు. అప్పటికే పైపు అటే వేసేశారని రమణయ్య గారు ఒక అబద్ధం చెప్పారు. అయితే దోషం లేదని సిద్ధాంతి అన్నాడు. ఆ సిద్ధాంతిదీ మస్తానయ్య తెలివే.

ఇంకా చిన్న సంగతులు. హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకోవడానికి నడుము ఎత్తున అరుగు పెట్టండి, తడి నేల మీద ఎవరూ పెట్టరు. చీర కుచ్చిళ్లకు, కొంగుకు ఒక కొక్కెం పెట్టండి. గాలి బయటికి పంపే ఫ్యాను తప్పనిసరి. అది కొంచెం చప్పుడు చేసేదైతే ఇంకా మంచిది, లోపలి చప్పుళ్లు కప్పుతుంది. అద్దం దగ్గర పసుపు దీపం పెట్టండి. తెల్ల దీపంలో ఎవరికి వాళ్లు రోగిష్టిలా కనపడతారు, మళ్లీ మీ ఇంటికి రారు.

టెస్టింగ్

నా సంగతికి వస్తాను. మామూలుగా టైల్స్ అన్నీ వేసి, సందులు పూడ్చి, చివరి రోజు కమోడ్ బిగిస్తారు. రెండు బకెట్ల నీళ్లు పోసి, పోయాయి అని చెప్పి తాళంచెవి ఇచ్చేస్తారు. నేను అక్కడ వరస మార్చాను. ముందు నేల టైల్స్ వేసి, ఆరగానే కమోడ్ బిగించేశాను. తలుపు నిలబెట్టాను. గోడలు తర్వాత.

రమణయ్య గారు అడిగారు. "ఏంది, మొదటే పెట్టేసినావు?"

"టెస్టింగ్ అన్నా. రెండు గంటలకోసారి నీళ్లు వదిలి చూడాల. లేకపోతే నేను గ్యారంటీ ఇయ్యను."

టెస్టింగ్, గ్యారంటీ రెండు మాటలూ ఇంగ్లీషువి కావడంతో ఆయన తల ఊపి చెరువుల మీదికి పోయారు. నేను కాంతమ్మతో, "పోమే, టెస్టింగ్ చేసిరా" అన్నాను.

మూడు రోజులు కాంతమ్మ శ్రద్ధగా టెస్టింగ్ చేసింది. నేనూ చేశాను. నీళ్లు తాగి పని చేస్తే తలనొప్పి రాదని నాకు ఆ వయసులో తెలిసింది. మధ్యాహ్నం మూడు గంటలకు కళ్లు తిరగడం టైల్స్ పని లక్షణం అనుకుంటూ వచ్చాను, కాదట.

నాలుగో రోజు, బుధవారం, నేను గోడకు అద్దం గుర్తు పెట్టడానికి నిచ్చెన తెద్దామని బయటికి వచ్చాను. కాంతమ్మ లోపలికి పోయి గడియ వేసుకుంది. నడవ చివర వంటింటి గడపలో సుశీలమ్మ కూర్చుని ఫోన్లో మాట్లాడుతోంది. అవతల వియ్యపురాలు.

"అవును వదినా, బంగారు కలరు కొళాయి. లోపల ఫ్యాను కూడా ఉండాది. మీరే ముందు వాడాల, ఇంతవరకు ఎవురూ అడుగు పెట్టలా" అంటోంది.

అప్పుడు తలుపు కింద నుంచి నీళ్లు వచ్చాయి.

సన్నగా మొదలై, నడవ వాలు ఎటుందో చూసుకుని, నేరుగా సుశీలమ్మ కాళ్ల దగ్గరికి పోయాయి. ఆ నీళ్లు ఎలాంటివో రాయనక్కరలేదు. లోపల నుంచి కాంతమ్మ గొంతు, "అక్కా, ఇది పైకి వస్తా ఉండాది."

సుశీలమ్మ లేచి నిలబడింది. "మళ్లా చేస్తా వదినా" అని ఫోన్ పెట్టేసింది. కాంతమ్మ తలుపు తీసి, చీర పైకి పట్టుకుని, గడపలోనే ఆగిపోయింది. ముగ్గురం అట్లా నిలబడ్డాం. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేకుండా అందరికీ అన్నీ తెలిసిపోయాయి.

"ఎన్నాళ్ల నుంచి?" అంది సుశీలమ్మ.

"మూడు రోజుల నుంచి" అన్నాను.

"వద్దని చెప్పినా కదా."

"పెరట్లోది వద్దన్నారు."

ఈ మాట అనకుండా ఉండవలసింది. ఆమె ముఖం ఎర్రబడింది. "ఇద్దరూ సామాను సర్దుకోండి" అంది.

కాంతమ్మ తాపీలు కడగడానికి వంగింది. అది చూసి నాకు మస్తానయ్య నేర్పిన తెలివి ఏదీ గుర్తుకు రాలేదు. అబద్ధం ఒక్కటీ దొరకలేదు.

"సర్దుకుంటామమ్మా. ముందు ఇది ఎందుకు పొంగిందో చూడనియ్యండి. ఇట్లా వదిలేసి పోను" అన్నాను.

బయట గోడ వెనక మురుగు చాంబరు మూత తీసి, పైపులోకి వెదురు బద్ద దూర్చి తిప్పాను. బద్ద చివర చుట్టుకుని ఒక గోనె గుడ్డ వచ్చింది. అది నేను పెట్టిందే. నేల పని చేసేటప్పుడు సిమెంటు పడకుండా పైపు నోట్లో గోనె కుక్కుతాం, కమోడ్ బిగించే ముందు తీసేస్తాం. వరస మార్చిన తొందరలో నేను లాగితే అది చినిగి, సగం లోపలే ఉండిపోయింది. నేను చూసుకోలేదు. ఆ గుడ్డ నుంచి నీళ్లు వడపోసినట్టు పోతాయి. రెండు బకెట్లు పోసి చూస్తే ఏమీ తెలియదు. మనుషులు మూడు రోజులు వాడితేనే అడ్డం పడుతుంది.

ఆ గుడ్డను సుశీలమ్మ ముందు పెట్టాను. "ఇది నా తప్పు. కాంతమ్మ వాడబట్టి ఈ రోజు బయటపడింది. వాడకుండా తాళం వేసి ఉంటే, మీ వదిన గారు వాడినప్పుడు బయటపడేది."

ఆమె గుడ్డను చూసింది. తర్వాత నడవలో నీళ్లను చూసింది. శుక్రవారాన్ని ఊహించుకుంటోందని ఆమె ముఖం చూస్తే తెలిసిపోతోంది.

"డాక్టరమ్మ నీళ్లు తాగకపోతే పని మానమంది ఈమెని" అన్నాను. "మీ వదిన గారు గంట బిగబట్టుకోలేక ఊరికి పోయింది. ఈమె పదిహేనేళ్లు బిగబట్టుకుంది."

సుశీలమ్మ కాంతమ్మను అప్పుడు మొదటిసారి సరిగ్గా చూసింది. ఇన్ని రోజులుగా ఇంట్లో తిరుగుతున్న మనిషిని.

"ముందే చెప్పొచ్చు కదమ్మే" అంది.

"అక్క అడిగింది కదమ్మా" అంది కాంతమ్మ. "మొదటి రోజే."

సుశీలమ్మ లోపలికి పోయి ఫినాయిల్ సీసా, చీపురు తెచ్చి మా ముందు పెట్టింది. "ముందు ఇది కడగండి. నడవంతా కడగాల" అంది. నాలుగు అడుగులు పోయి వెనక్కి తిరిగింది. "కడిగినాక మళ్లా టెస్టింగ్ చెయ్యాల్నా?"

"చెయ్యాలమ్మా."

"ఎన్నాళ్లు?"

"మా పని అయ్యేదాకా."

"చెప్పులు బయట విప్పి పొండి" అని వంటింట్లోకి పోయింది. ఆమెకు కోపం తగ్గిందని నేను అనను. ఆ పూట మాకు టీ ఇవ్వలేదు.

శుక్రవారం వియ్యపురాలు వచ్చింది. గదిలో మిగిలిన టైల్స్ పైన డాబా గోడకు వేస్తూ ఉండగా కింద నుంచి ఫ్యాను చప్పుడు వినపడింది. కాంతమ్మ, నేను పని ఆపి వింటూ కూర్చున్నాం. ఫ్లష్ చప్పుడు వచ్చింది, నీళ్లు పైపులో దిగిపోయాయి, నిండుగా, అడ్డం లేకుండా. కాసేపటికి హాల్లో స్టీలు గ్లాసుల చప్పుడు. రెండోసారి కాఫీ అడిగిందట ఆమె.

ఆ తర్వాత నేను ఒప్పుకున్న ప్రతి పనిలో మొదట కమోడ్ బిగించాను. మస్తానయ్య నన్ను చూసి నవ్వాడు, ఇల్లు కట్టకముందే దొడ్డి కడుతోందని పది మందికి చెప్పాడు. చెప్పనీ. ఆయన ముఠాలో ఆడవాళ్లు ఒక్కొక్కరే నా దగ్గరికి వచ్చేశారు, చివరికి తట్ట ఎత్తమని చెప్పడానికి ఆయనకు మనిషి దొరకలేదు.

కొన్ని ఇళ్లవాళ్లు కుదరదన్నారు. ఆ పనులు వదులుకున్నాను. వదులుకున్న పనుల్లో కృష్ణపట్నం దగ్గర ఒక పెద్ద బంగళా ఉంది, నేను చేసిన వాటిలో అంత మంచిది ఒక్కటీ లేదు. ఇప్పటికీ బస్సులో పోతూ దాన్ని చూస్తే చేతులు దురద పెడతాయి. అయినా మీరు కూడా వదులుకోండి.

ఇప్పుడు ముఠాను కాంతమ్మ నడుపుతోంది. జ్వరం మళ్లీ రాలేదు. ఎవరో ఒక కొత్త ఇంటాయన మొన్న ఫోన్ చేసి, ఇటలీ మార్బులు, అద్దం చుట్టూ దీపాలు, గోడకు వేలాడే కమోడ్ అని పావుగంట చెబుతుంటే, నేను పక్కనే మంచం మీద కూర్చుని విన్నాను. కాంతమ్మ అంతా ఓపికగా విని, అడిగింది.

"అన్నీ బాగుండాయన్నా, చేస్తాం. మా ఆడోళ్లు ఐదుగురు వస్తారు. వాళ్లకి మీ ఇంట్లో బాత్రూం ఏదో అది చెప్పండి ముందు."